రెండో పొగ

సాయంత్రం దీపం పెట్టే వేళకు ధర్మవరం నుంచి మా అక్క ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. హిందూపురంలో నా ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. నేను ఎత్తకూడదు, ఎత్తితే తిట్టేది. ఫోనులో మాట ఖరీదుగా ఉన్న రోజుల్లో మొదలైన అలవాటు అది. మాటలన్నీ ఉచితమైపోయాక కూడా మానలేదు. "ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఒకటే కదక్కా" అంటే, "మాట్లాడేకి ఏముండాది? బాగుండానని తెలిస్తే సాల్లే" అనేది. ఒక్క మోత, అంతే. రెండోది ఎన్నడూ లేదు. సిగ్నల్ లేక మధ్యలో తెగిపోయినా మళ్ళీ కొట్టేది కాదు. రాత్రంతా నేను కంగారుపడి, పొద్దున్నే నేనే చేసి గొడవ పెట్టుకుంటే, "రెండుసార్లు కొట్టేది నాతో కాదు, నీకు తెలీదా ఏమి?" అనేది. నాకు తెలుసు. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అక్క ఈమధ్యనే పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. కబురు తెలిసి నేను మొదటి రైలుకు ధర్మవరం పోయి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నాలుగిళ్ళ ఆడవాళ్ళు వచ్చి నా మెడ పట్టుకొని రాగం తీసినా రాలేదు. "చదువుకున్నోళ్ళు అట్లే ఉంటారు లేమ్మా" అని ఎవరో అన్న మాట నా చెవిన పడింది. పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అదేదో నేరమైనట్టు! చదువుకూ ఏడుపుకూ ఏం సంబంధమని అడుగుదామనుకున్నాను గానీ, ఆ నోరూ లేవలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ మొద్దుబారుతుంది చూడండి, ఒళ్ళంతా అట్లా ఉండింది. లోలోపల నాకే భయంగా ఉండింది. సొంత అక్క పోతే రాని ఏడుపు ఇంక దేనికి వస్తుంది?

పెద్దకర్మ నాడు అక్క కోడలు శైలజ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది. మంచి పిల్ల, అత్తను కన్నతల్లిలా చూసుకుంది. విస్తరి ముందు నన్ను కూర్చోబెట్టి, పలచగా, అంచులు ఎర్రగా కాలిన ఓళిగ ఒకటి వేసి, మీద నెయ్యి పోసి, పక్కన కూర్చుంది. "చిన్నత్తా, ఒకటి అడుగుతా ఏమనుకోవద్దు. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఓళిగలు చేయనియ్యలేదు. ఉగాదికి కూడా పాయసమే. ఎందుకత్తా అంటే నాకు పడవు అనేది. షుగరు లేదు, ఏం లేదు. ఎందుకు పడవు?" అంది. నేను ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. "ఏమోమ్మా, పడవేమో" అన్నాను. ఆ పిల్ల నన్ను ఒక మాదిరిగా చూసి, లేచి అవతలికి పోయింది. అంత మంది మధ్య, ఆ విస్తరి ముందు, అది చెప్పే కథ కాదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. పెనుకొండ కోట కొండ వచ్చేలోపు ఎడమపక్క మా పల్లె కొండలు కనిపిస్తాయి. మా ఊరివాళ్ళం వాటిని పేర్లతో పిలుచుకునేవాళ్ళం. గువ్వలకొండ, జంటగుండ్లు, బూడిదకొండ, ఎద్దుమూపు. పటాల్లో ఈ పేర్లు ఉంటాయో లేదో నాకు తెలియదు. చిన్నప్పుడు ఒకే రోజు ఆ నాలుగింటి నెత్తిన నిలబడ్డాను. ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కాలంటే మోకాలు నన్ను అడుగుతుంది, అవసరమా అని. ఆ రోజు ఎట్లా ఎక్కానో ఏమో!

మాది గొర్రెల ఇల్లు. ఇంటికి ముందు దొడ్డి, వెనక కొండలు, మధ్యలో మట్టి మిద్దె. పొద్దున లేస్తూనే ముక్కుకు తగిలేది గొర్రె బొచ్చు వాసన, దాని మీద నుంచి అవ్వ పొయ్యిలో పెట్టిన పచ్చికట్టెల పొగ. మా స్నేహితురాళ్ళు బడిలో ముక్కు మూసుకునేవాళ్ళు గానీ, నాకు ఆ వాసన లేని ఇల్లు ఇల్లు అనిపించేది కాదు. మా నాయన కంబళి వాసన ఇంకొకటి. వానా ఎండా అన్నీ దానిలో ఇంకిపోయి, బీడీ వాసన కలిసి, కప్పుకుంటే గరుకుగా గుచ్చుకునేది. చలికాలం నేనూ అక్కా దానికింద దూరి కొట్టుకునేవాళ్ళం. నాయన మాటలు తక్కువ. గొర్రెలతో మాట్లాడినన్ని మాటలు మాతో మాట్లాడేవాడు కాదు. అన్నం తిన్నాక గడప మీద కూర్చుని, కదురు తిప్పుతూ ఉన్ని వడికేవాడు. ఏమన్నా అడిగితే "ఊ" అనేవాడు. ఆ "ఊ"లో అవునో కాదో మా అమ్మ ఒక్కదానికే తెలిసేది.

అవ్వ, మా నాయన తల్లి, పగలంతా మిద్దె మీదే. ఉలవలు ఎండబెట్టినా, మిరపకాయలు ఎండబెట్టినా, కాకుల్ని తోలే నెపంతో కొండకేసి చూస్తూ కూర్చునేది. సూదిలో దారం ఎక్కించమని మా వెంట పడే మనిషికి, కొండ మీది గొర్రె మాత్రం కనపడేది. "అదిగో, మీ నాయన జంటగుండ్ల కింద ఉండాడు. సద్ది తీసుకొని బిరీన పోండ్రి" అని పైనుంచి అరిచేది. సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి మూటగట్టుకుని అక్క పోయేది. ఏ గుండు పక్కన ఏ సందు ఉంది, ఎక్కడ కాలు పెడితే జారుతుంది, నాయన మధ్యాహ్నం ఏ నీడలో పడుకుంటాడు, అన్నీ దానికి తెలుసు.

కొండ మీద గొర్రె తప్పిపోతే మా పల్లెలో ఒక పద్ధతి ఉండేది. వెతకబోయినవాళ్ళు ఒక్కొక్క కొండా ఎక్కి, నెత్తిన పచ్చి బందారాకు కాల్చి పొగ వేయాలి. బందారాకు పచ్చిదైనా మండుతుంది, తెల్లగా, లావుగా పొగ లేస్తుంది. ఒక్క పొగ లేచిందంటే, ఈడ లేదు, ముందుకు పోతాండాం అని. రెండు పొగలు పక్కపక్కన లేచాయంటే, దొరికింది అని. కింద మిద్దెల మీద చూసేవాళ్ళు దాన్నిబట్టి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. రెండు పొగలు లేచిన రోజు ఇంట్లో తీపి చేసేవాళ్ళు. మాకు అదొక పండగ. గొర్రెలు తప్పిపోతే బాగుండునని పిల్లలం కోరుకునేవాళ్ళం కూడా.

ఒక సాయంత్రం గొర్రెలన్నీ ఇంటికొచ్చాయి. కుక్కా వచ్చింది. నాయన రాలేదు.

ఆ రాత్రి ఊరి మగవాళ్ళు కాగడాలు పట్టుకొని కొండ అడుగంతా తిరిగొచ్చారు. తెల్లారేసరికి కొందరు బావులు చూడటానికి, కొందరు పెనుకొండ దారి పట్టుకొని పోయారు. నాయన మేపే నాలుగు కొండలూ మా వంతుకు వచ్చాయి. మా చిన్నాయన, అమ్మ, అక్క బయల్దేరారు. అక్క ఎందుకంటే, నాయన కూర్చునే చోట్లు దానికి తెలుసు. నేను ఎందుకంటే, దొడ్డి రాటను కరుచుకొని అరిచిన అరుపులకు తట్టుకోలేక. అవ్వ మిద్దె ఎక్కింది. "నా కొడుకు దొరికేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను. పోయి పట్టుకరాండి" అంది. అమ్మ ఏదో చెప్పబోతే, "నువ్వు గమ్మునుండు, ముందు నడువు" అంది. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఆమె తెల్లకోక చిన్నదవుతూ అక్కడే ఉండింది.

గువ్వలకొండ ఎక్కడం సులువనే చెప్పాలి. తొందరగా నడిచాం, తొందరగా ఎక్కాం. చిన్నాయన ముందు బండ మీదికి పాకి, తువ్వాలు కిందికి వేసి మమ్మల్ని లాగేవాడు. అమ్మ కోక పైకి దోపుకుని, ఒక చేత్తో బండను, ఇంకో చేత్తో నన్ను పట్టుకునేది. చెప్పులు అడుగునే వదిలేశాం. పైకి పోయి నేనూ అక్కా గొంతు చించుకొని "నాయనా" అని పిలిచాం. ఎదుటి కొండ "నాయనా" అంది. నేను సంబరంగా, "పలుకుతాండాడు!" అన్నాను. అక్క నా నెత్తిన ఒకటి మొట్టింది. "అది మన గొంతేలే మొద్దుమొగమా" అంది. చిన్నాయన బందారాకు విరిచి నిప్పు పెట్టాడు. ఒక్క పొగ లేచింది.

జంటగుండ్లకు పోయేసరికి బండలు కాలడం మొదలైంది. అక్కడ రెండు గుండ్ల మధ్య మనిషి అడ్డంగా దూరే సందు ఉంటుంది. వీపు ఒక బండకు, కాళ్ళు ఇంకో బండకు తన్నిపెట్టి, కొద్దికొద్దిగా పైకి జరగాలి. నా మోచేతులు గీరుకుపోయి మంట పుట్టింది. ఏడిస్తే కిందికి పంపేస్తారని గట్టిగా నోరు మూసుకున్నాను. సందు దాటిన తరువాత అక్క గట్టిగా అరిచింది. ఒక చెట్టు కొమ్మకు నాయన సొరబుర్ర వేలాడుతోంది. ఎండిన సొరకాయ బుర్ర, అందులోనే నీళ్ళు తీసుకుపోయేవాడు. నిండా నీళ్ళున్నాయి. నీడలో ఉంది కాబట్టి చల్లగా కూడా ఉన్నాయి. చిన్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళు తాగనే లేదు వదినా. మళ్ళా వస్తామనే పెట్టి పోయినాడు. ఈడనే యాడో ఉంటాడు" అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి సందులోకీ వంగి పిలిచాం. ఉడుములు తప్ప ఏమీ కదల్లేదు. చివరికి అమ్మ ఆ బుర్ర తెచ్చి నా నోటికి పెట్టింది. "వాటిని ఉంచు వదినా, అన్నకు కావాల" అన్నాడు చిన్నాయన. "పిల్లోళ్ళు తాగనీ. మీ అన్న దొరికితే నేను కొండ దిగి ఏటినే మోసుకొస్తా" అంది అమ్మ. తాగాను. సొరకాయ చేదు, నాయన బీడీ వాసన. అక్క మాత్రం ముట్టలేదు. ఒక్క పొగ వేసి దిగాం.

బూడిదకొండ గురించి నాకు పెద్దగా గుర్తులేదు. నేను ఎప్పుడు దాన్ని గుర్తుచేసుకున్నా, అమ్మ మడమలే కనిపిస్తాయి. నా మొహం ముందు ఒక మడమ, అది పోయి ఇంకో మడమ. వాటి పగుళ్ళలో ఎర్రమట్టి. ఆకలి అనిపించలేదు, కాళ్ళ నొప్పి తెలియలేదు. పైకి పోయాక "పిలువు" అన్నాడు చిన్నాయన. నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ నాయనా అన్న మాట రాలేదు. అప్పుడు మొదటిసారి నాకు ఈ మొద్దుబారడం తెలిసింది. బాధపడాలని తెలుస్తూనే ఉంటుంది, బాధ మాత్రం ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంటుంది. ఈ మధ్య ధర్మవరంలో, అక్క కాళ్ళ దగ్గర, దాన్ని చూసి గుర్తుపట్టాను. పాత చుట్టమే.

ఎద్దుమూపు ఎక్కేసరికి పొద్దు వాలింది. అన్నిటికంటే ఎత్తైనది అది. నెత్తిన ఎద్దు మూపురంలా ఒక పెద్ద గుండు ఉంటుంది. దాని చుట్టూ తిరిగాం. లోయలోకి తొంగి చూశాం. లేడు. చిన్నాయన గుండుకు అవతల, గాలి తగలని చోట ఆకు పోగుచేసి నిప్పు పెట్టి, అక్కడే కూలబడిపోయాడు. మేం ఇవతల, ఊరి పక్క ఉన్నాం. అక్క పైకి చూసింది. పొగ కనపడలేదు. "గుండు అడ్డమొచ్చింది. అవ్వకు కనపడదు. ఇంగా చూస్తానే ఉంటాది, పాపం, పొద్దున్నుంచి నీళ్ళు కూడా తాగలే" అంది. నన్ను కొమ్మలు విరవమని, ఇవతల పక్క ఇంకో మంట పెట్టింది. దాని పొగ బాగా లేచింది. ఇక్కడా లేడని అవ్వకు తెలిసిపోతుందిలే, ఒట్టు పక్కన పెట్టి ఇంత ముద్ద తింటుందిలే అని అక్క తృప్తిగా చేతులు దులుపుకుంది. మేం దిగడం మొదలుపెట్టిన తరువాత అవతలి మంట కూడా బాగా అంటుకొని ఉంటుంది. కాళ్ళ కింద బండలు చూసుకుంటూ దిగేవాళ్ళం, వెనక్కి తిరిగి ఎవరూ చూడలేదు.

పల్లెకు ఇంకా కాస్త దూరం ఉండగానే వాసన తగిలింది. బెల్లం, ఉడికిన శనగబేడలు, పెనం మీద కాలే నెయ్యి. అమ్మ టక్కున ఆగిపోయింది. "ఎవురింట్లోనో ఓళిగలు చేస్తాండారు" అన్నాను నేను. చిన్నాయన అప్పుడు వెనక్కి తిరిగి కొండ చూశాడు. ఎద్దుమూపు మీద, మసక చీకట్లో, ఇంకా సన్నగా రెండు పొగలు లేస్తున్నాయి. అక్క చేత్తో నోరు మూసుకుంది.

ఇంటి ముందు దీపాలున్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని పిండి ముద్దలు చేస్తున్నారు. ఒకామె రుబ్బురోలు కడుగుతోంది. అవ్వ పెనం ముందు నుంచి లేచి, చేతులు కోకకు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. అంత నవ్వు ఆమె మొహంలో నేను ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు. మమ్మల్ని ఒక్కొక్కరిని చూసి, మా వెనక దారి చూసింది.

"ఏడీ వాడు?" అంది.

అమ్మ గొంతు ఏమాత్రం వణకలేదు. "వస్తాండాడత్తా. ఎనక వస్తాండాడు. మెల్లగా నడుస్తాండాడు. నువ్వు ముందు తిను" అంది.

అవ్వ మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి వడ్డించింది. నాయన కంచంలో ఓళిగలు వేసి, ఇంకో కంచం బోర్లించి పక్కన పెట్టింది. తనూ కూర్చుని, నీళ్ళు తాగి, ఒక ఓళిగ తుంచుకుని తింది. మేమూ తిన్నాం. నేను బాగా తిన్నాను. ఇంకొకటి వేయమన్నాను కూడా. చిన్నదాన్ని, ఆకలి వేసింది, అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చుంది, ముట్టలేదు. చిన్నాయన ఓళిగ చేతిలో పట్టుకొని ఎంతసేపో అట్లాగే ఉండి, ఒక్కసారిగా లేచి గొర్రెల దొడ్డిలోకి పోయాడు. అక్కడ్నుంచి అతని ఏడుపు వినపడింది. అవ్వ నమలడం ఆపింది. ఆపి, మెల్లగా మళ్ళీ నమిలి, మింగింది. పొద్దున లేచి ఆ మూసిన కంచం తీసుకుపోయి కుక్క ముందు పెట్టింది. రెండో పొగ ఎవరు వేశారని అప్పుడే కాదు, పోయేదాకా అడగలేదు.

నాయన దొరకలేదు. మడకశిర సంతలో చూశామని ఒకరు, బెంగుళూరులో మేస్త్రీ కింద పని చేస్తున్నాడని ఒకరు చెప్పేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ చిన్నాయన పోయేవాడు, తిరిగొచ్చేవాడు. అవ్వ పోయింది. అమ్మ బొట్టు తీయలేదు. ఆమె పోయిన రోజు, పసుపు కుంకుమలతో పంపాలా వద్దా అని చుట్టాలు వాకిట్లో వాదులాడుకున్నారు. అక్క లోపలికి పోయి, అమ్మ నుదుట ఇంత పెద్ద బొట్టు పెట్టి, "ఇంగ తీసుకపోండి, ఎవురేమంటారో అనండి" అంది.

ఇప్పుడు ఈ కథ వింటే, అప్పట్లో సెల్లు ఉండింటే దొరికేవాడు గదా అంటారు. దొరకాలనుకున్నవాడికి గదా సెల్లు! నాయన ఏ సందులోకో జారిపోయాడో, బుర్ర అక్కడ వేలాడదీసి అవతలి పక్క దిగి తన దారిన తాను పోయాడో, నాకు తెలియదు. కోపం రావాల్సినవాడి మీద కోపమూ రాక, దుఃఖమూ రాక, మేమిద్దరం ముసలివాళ్ళమయ్యాం. అక్కే ఒకసారి అంది, "ఒక్క మిస్డ్ కాల్ అంటే ఏంది? ఈడ లేడు, ముందుకు పోతాండాం. అంతే కదే మన బతుకు" అని. అని నవ్వింది కూడా.

ఆ రోజు రైలు కిటికీలోంచి చూస్తే, గువ్వలకొండ మీద సెల్లు టవరు ఉంది. ఎద్దుమూపు సగమే ఉంది. గ్రానైటు క్వారీ వాళ్ళు ఇటు పక్క నుంచి జున్ను కోసినట్టు కోసుకుంటూ పోయారు. నెత్తిన ఆ గుండు లేదు. అక్క మంట పెట్టిన చోటు ఏ ఊళ్ళోనో ఎవరింట్లోనో నున్నటి నేలగా మారి ఉంటుంది. దాని మీద చెప్పులు లేకుండా నడిస్తే చల్లగా ఉంటుందేమో. అదీ ఊరికే అనుకున్నాను, ఏమీ అనిపించలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నాను. ఫోను మోగింది. తెర మీద "అక్క" అని పడింది. ఒక్క మోత మోగి ఆగింది. ఆ ఫోను శైలజ ఇంట్లో ఉందని నాకు తెలుసు. దాన్నే చూస్తున్నాను. మళ్ళీ మోగింది. మళ్ళీ ఒక్క మోత, ఆగిపోయింది.

రెండు.

లేచి తలుపు తీసి వీధి చివరిదాకా చూశాను. కూరగాయల బండివాడు తప్ప ఎవరూ లేరు. అయినా కాసేపు నిలబడ్డాను. లోపలికి వచ్చి వంటింట్లో ఏం చేస్తున్నానో నేను గమనించలేదు. శైలజ తన ఫోను నుంచి చేసినప్పుడు గిన్నెలో శనగబేడలు పోసి కడుగుతున్నాను.

"చిన్నత్తా, భయపడినావా? మా పాప, అత్త ఫోను తీసుకొని ఆడుకుంటా నొక్కేసింది. ఇప్పుడే లాక్కున్నా. ఏం చేస్తాండావు?"

"ఓళిగలకు బేడలు కడుగుతాండానమ్మా."

"ఈ పొద్దప్పుడా? ఎవురన్నా వస్తాండారా?"

"వస్తాండారు. ఎనక వస్తాండారు" అన్నాను.

అది మా అమ్మ గొంతు. ఫోను గట్టు మీద పెట్టేసి, తడి చేతులు మొహానికి అడ్డం పెట్టుకొని, పెద్దగా ఏడ్చాను. అవతల శైలజ చిన్నత్తా, చిన్నత్తా అని పిలుస్తూనే ఉంది.